తూటాల లెక్కలో పుట్టే భయం: సర్వైవల్ హారర్ గేమ్‌ల మీద అపోహలు, వాస్తవాలు

ఇరుకు నడవా. అవతలి కొసన తలుపు. మధ్యలో తూలుతూ నిలబడ్డ జాంబీ. పిస్టల్‌లో ఏడు తూటాలున్నాయి. దాన్ని పడగొట్టడానికి అయిదారు పడతాయి. కాల్చేస్తే ఈ దారికి బెడద తీరుతుంది గానీ, తలుపు అవతల ఏం కాచుకుని ఉందో తెలియదు. కాల్చకుండా పక్క నుంచి తప్పించుకు పోదామంటే అది మెడ పట్టుకోవచ్చు. పట్టుకుందంటే గాయం మాన్పుకోవడానికి దాచుకున్న పచ్చ మూలిక ఒకటి వాడాల్సిందే. పైగా తాళంచెవి దొరికాక మళ్లీ ఇదే నడవాలోంచి వెనక్కి రావాలి. 1996 మార్చిలో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ ప్లేస్టేషన్ మీద విడుదల చేసిన 'రెసిడెంట్ ఈవిల్' ఆడేవాళ్ల చేత గంటల తరబడి చేయించింది ఈ బేరీజే.

సర్వైవల్ హారర్ అన్న పేరు జనం నోళ్లలో నానడం మొదలైంది ఆ గేమ్‌తోనే. షింజీ మికామి దర్శకత్వంలో తయారైన ఆ గేమ్ తెర మీదే ఆ మాటను వాడుకుంది. తర్వాత అది అంగట్లో ఒక అర పేరైపోయింది. రక్తం కనిపించినా, చీకటి కనిపించినా, పళ్లికిలించే బొమ్మ కనిపించినా ఆ అరలోనే పెట్టేస్తున్నారు. అలా పెట్టేయడం వల్ల నష్టం ఉంది. ఈ గేమ్‌లు భయాన్ని ఎంత ఓపికగా, ఎంత నేర్పుగా పేర్చుకుంటూ వస్తాయో ఆ హడావుడిలో ఎవరికీ కనిపించకుండా పోతుంది.

అపోహ: జాంబీలో దయ్యాలో ఉంటే చాలు

'లెఫ్ట్ 4 డెడ్' (2008)లో తెర నిండా జాంబీలే. అయినా అది సర్వైవల్ హారర్ కాదు. అందులో పిస్టల్‌కు తూటాలు అయిపోవడమనేదే లేదు, పెద్ద తుపాకులకు తూటాల గుట్టలు దారిలో కనిపిస్తూనే ఉంటాయి, పక్కన ముగ్గురు తోడుంటారు. అది జట్టుగా ఆడుకునే షూటింగ్ గేమ్, ఆ పనిలో దానికి సాటి వచ్చేవి తక్కువ. 'డెడ్ రైజింగ్' (2006)లో షాపింగ్ మాల్ నిండా జాంబీలుంటారు. కుర్చీ, బెంచీ, గడ్డి కోసే యంత్రం, ఏది చేతికందితే దానితో వాళ్లను చితకబాదడమే అందులోని సరదా. నింటెండో వారి 'లూయిజీస్ మాన్షన్' (2001)లో భవంతి ఉంది, దయ్యాలున్నాయి, చీకటి ఉంది. ఇంటిల్లిపాదీ నవ్వుకుంటూ ఆడుకునే గేమ్ అది.

ఇటు చూస్తే మికామి బృందమే 1999లో 'డైనో క్రైసిస్' తీసింది. అందులో దయ్యమూ లేదు, జాంబీ లేదు. ఉన్నవి డైనోసార్లు. దాన్ని సర్వైవల్ హారర్ కాదన్నవారు తక్కువే.

మరి గీత ఎక్కడుంది? శత్రువును చంపితే ఆడేవాడి చేతికి ఏం వస్తుందో చూస్తే చాలావరకు తేలిపోతుంది. మొదటి 'రెసిడెంట్ ఈవిల్'లో జాంబీని చంపితే ఏమీ రాదు. తూటా రాలదు, డబ్బు రాలదు, పాయింట్లు పెరగవు. ప్రతి హత్యా ఖర్చే. భవంతిలో ఎక్కడెక్కడ ఎన్ని తూటాలుండాలో ముందే పెట్టి ఉంచారు. వాడినవి మళ్లీ పుట్టవు. కాబట్టి ఆడేవాడు నెలాఖరున మిగిలిన చిల్లరతో ఇల్లు నడిపే మనిషిలా ఆలోచించడం మొదలుపెడతాడు.

ఆ మికామే దర్శకుడిగా 2005లో వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్ 4' ఈ లెక్కను తిరగేసింది. పడిపోయిన శత్రువు దగ్గర తూటాలు దొరుకుతాయి, నాణేలు దొరుకుతాయి, మూలికలు దొరుకుతాయి. ఆ నాణేలు పట్టుకెళితే వ్యాపారి కొత్త తుపాకీ అమ్ముతాడు, పాత తుపాకీకి పదును పెడతాడు. ఆడేవాడి తీరు గమనించి గేమే కష్టాన్ని కాస్త పెంచుతుంది, కాస్త తగ్గిస్తుంది. ఇక్కడ చంపడం ఖర్చు పద్దులోంచి జమ పద్దులోకి మారిపోయింది. గేమ్ చరిత్రలో మహత్తరమైన వాటిలో అదొకటి, సందేహం లేదు. భుజం వెనక నుంచి చూసే దాని కెమెరాను ఆ తర్వాత వచ్చిన షూటింగ్ గేమ్‌లెన్నో అందుకున్నాయి. కానీ ఊరు ఊరంతా గొడ్డళ్లతో వెంటపడే మొదటి ఘట్టాన్ని దాటాక అది క్రమంగా భయం పూసిన యాక్షన్ గేమ్‌గా మారుతుంది. దాన్ని సర్వైవల్ హారర్ అరలో పెట్టడం ఇంటిపేరు చూసి మాత్రమే.

'డెడ్ స్పేస్' (2008) సరిగ్గా గీత మీద నిలబడుతుంది. చచ్చిన శత్రువుల దగ్గర అందులోనూ సరుకు దొరుకుతుంది. అయితే కథానాయకుడు ఐజాక్ క్లార్క్ సైనికుడు కాడు, అంతరిక్ష నౌకలను బాగుచేసే ఇంజినీరు. చేతిలో ఉన్నది గనుల్లో రాయి కోసే పనిముట్టు. తలకు గురిపెట్టడం అలవాటైన వాళ్లు అందులో తూటాలు వృథా చేసుకుంటారు, ఎందుకంటే ఆ జీవులు కాళ్లూ చేతులూ తెగితేనే ఆగుతాయి. ప్రతి దెబ్బా చూసి వేయాల్సి రావడం దాన్ని ఇవతలి వైపు లాగుతుంది.

అపోహ: ఉలిక్కిపడేలా చేయడమే దాని పని

తెర మీదికి హఠాత్తుగా ఏదో దూకడం, చెవులు చిల్లులు పడే చప్పుడు. జంప్ స్కేర్ అనే ఈ ఎత్తు ఏ గేమ్‌లోనైనా పెట్టొచ్చు, ప్రకటనలో కూడా పెట్టొచ్చు. పోలండ్ కుర్రాళ్ల బృందం తీసిన 'డార్క్‌వుడ్' (2017) జంప్ స్కేర్ల మీద ఆధారపడబోమని ముందే చెప్పి మరీ వచ్చింది. పై నుంచి చూపించే గేమ్ అది. మనిషి చూపు పడినంత మేర మాత్రమే తెర స్పష్టంగా ఉంటుంది. పగలంతా అడవిలో తిరిగి పలకలు, మేకులు, పెట్రోలు పోగేసుకోవాలి. రాత్రికి కిటికీలకు పలకలు కొట్టి, జనరేటర్ నడిపి, గది మూలన నిలబడాలి. పక్కగదిలో తలుపు కదిలిన శబ్దం వినపడుతుంది. వెళ్లి చూడాలా వద్దా అన్నది ఆడేవాడి ఇష్టం.

జంప్ స్కేర్‌కు మారుపేరైన 'ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్' (2014)ను కాస్త నిదానంగా చూస్తే విచిత్రం కనిపిస్తుంది. స్కాట్ కాథన్ ఒక్కడే కూర్చుని తయారుచేసిన ఈ గేమ్‌లో ఆడేవాడు పిజ్జా దుకాణంలో రాత్రి కాపలాదారు. అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారు ఆరు దాకా కదలకుండా కూర్చోవాలి. అటొక తలుపు, ఇటొక తలుపు, ఎదురుగా నిఘా కెమెరాలు. తలుపు మూసినా కరెంటు ఖర్చే, లైటు వేసినా ఖర్చే, కెమెరా చూసినా ఖర్చే. మిగిలిన కరెంటు ఎంత శాతమో తెర మూలన తరుగుతూ కనిపిస్తుంటుంది. నాలుగు గంటలకే పది శాతానికి పడిపోయిన వాడి గుండె దడ ఆ అంకె వల్లే. దుకాణంలో రాత్రిపూట తిరిగే యంత్రపు బొమ్మ మీదికి దూకడమన్నది లెక్క తప్పినందుకు పడే శిక్ష. యూట్యూబ్ వీడియోల్లో ఆ శిక్ష ఒక్కటే కత్తిరించి చూపించడంతో గేమ్ అంతా అదేనన్న పేరొచ్చింది.

అపోహ: ఈ గేమ్‌లలో నిజంగానే తూటాలు చాలవు

చాలతాయి. మామూలు స్థాయిలో జాగ్రత్తగా ఆడినవాళ్లు చివరికొచ్చేసరికి పెట్టె నిండా షాట్‌గన్ గుళ్లతో, వాడకుండా దాచిన మందులతో మిగిలిపోవడం సర్వసాధారణం. అంతా పిసినారితనంతో దాచి, ఆఖరి బాస్ ముందు ఒక్కసారిగా కుమ్మరిస్తారు. మొదటి 'రెసిడెంట్ ఈవిల్‌'ను మూడు గంటల్లోపు ముగించిన వాళ్లకు ఎన్నిసార్లు కాల్చినా తరగని రాకెట్ లాంచర్ బహుమతిగా ఇచ్చారంటే, అంత త్వరగా ముగించడం సాధ్యమేనని తయారుచేసిన వాళ్లకు బాగా తెలుసు.

కొరత ఆడేవాడి అంచనాలో ఉంటుంది. ముందున్నది తెలియనంత కాలం ఎన్ని ఉన్నా తక్కువే అనిపిస్తుంది. రెండోసారి ఆడేటప్పుడు అదే భవంతి, అవే జాంబీలు. కానీ ఎక్కడ ఎన్ని తూటాలున్నాయో తెలిసిపోయింది కాబట్టి భయం సగానికి సగం పోతుంది.

ఈ సంగతి మికామికి ఎంత బాగా తెలుసో 2002లో గేమ్‌క్యూబ్ కోసం తన గేమ్‌ను తనే తిరిగి తీసినప్పుడు చూపించాడు. అప్పటికి అభిమానులకు భవంతి కొట్టినపిండి. అందుకని చంపిన జాంబీలను మళ్లీ లేపాడు. తల పగలగొట్టకుండా, కాల్చి బూడిద చేయకుండా వదిలేసిన శవం కొంతసేపటికి ఎర్రటి తలతో, పొడుగాటి గోళ్లతో, ముందెన్నడూ లేనంత వేగంగా లేస్తుంది. కాల్చడానికి కిరోసిన్ ఉంది. అయితే అది పోసుకునే సీసా ఒకసారి నింపితే రెండు శవాలకే వస్తుంది. భవంతిలోని కిరోసిన్ డబ్బాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. పైగా ఆ సీసా సంచిలో ఒక గడిని ఆక్రమిస్తుంది. జిల్ పాత్రతో ఆడితే లైటర్‌కు ఇంకో గడి పోతుంది. జిల్‌కు ఉన్నవే ఎనిమిది గడులు, క్రిస్‌కు ఆరు. ఒక నడవాలో పడి ఉన్న శవం పక్కనుంచి నడిచిన ప్రతిసారీ, దీన్ని కాల్చి ఉండాల్సిందేమో అన్న అనుమానం పీకుతుంది. పాత ఆటగాడి అనుభవాన్నే అతని మీదికి తిప్పిన ఈ మార్పు, ఈ తరహా గేమ్‌లలో ఇప్పటిదాకా వచ్చిన ఆలోచనల్లో అన్నిటికంటే తెలివైనది.

అపోహ: చేతిలో ఆయుధం ఉంటే అది అసలైన సర్వైవల్ హారర్ కాదు

ఈ అపోహ 2010 తర్వాతిది. ఆ ఏడాది స్వీడన్ సంస్థ ఫ్రిక్షనల్ గేమ్స్ 'అమ్నీషియా: ది డార్క్ డిసెంట్' తెచ్చింది. అందులో ఆయుధమే లేదు. పరిగెత్తాలి, నక్కాలి. చీకట్లో ఎక్కువసేపు ఉంటే మతి చెదురుతుంది, వెలుతురులో నిలబడితే రాక్షసి కంట పడతారు. రాక్షసిని తేరిపార చూసినా మతి పోతుంది. 2013లో 'అవుట్‌లాస్ట్' వచ్చి వీడియో కెమెరా ఒక్కటి చేతిలో పెట్టి పిచ్చాసుపత్రిలోకి తోసింది. ఆ రెండిటి విజయం చూసి, ఆయుధం ఇవ్వడమంటే భయాన్ని పలచన చేయడమేనన్న సిద్ధాంతం పుట్టుకొచ్చింది.

నిజానికి ఆ రెండింటిలోనూ ఖర్చయ్యేవి ఉన్నాయి. మొదటిదాంట్లో అగ్గిపెట్టెలు, లాంతరు నూనె. రెండోదాంట్లో కెమెరా బ్యాటరీలు. అవి కూడా లేకుండా వాటిని అనుకరించిన నాసిరకం గేమ్‌లు కోకొల్లలు. వాటిలో తలుపు తీయడం, పరిగెత్తడం, మంచం కింద దూరడం తప్ప తేల్చుకోవాల్సినదేమీ ఉండదు. నాలుగోసారి పట్టుబడ్డాక భయం పోయి విసుగొస్తుంది.

విశేషమేమంటే ఆ సిద్ధాంతానికి గట్టి జవాబు ఫ్రిక్షనల్ నుంచే వచ్చింది. 2023లో వాళ్లు తెచ్చిన 'అమ్నీషియా: ది బంకర్' మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఒక ఫ్రెంచి సైనికుణ్ని నేలమాళిగలో పడేసి చేతికి రివాల్వర్ ఇస్తుంది. తూటాలు అరకొర. ఎన్ని మిగిలాయో తెర మీద అంకె చూపించదు. రివాల్వర్ చక్రం బయటికి తీసి, కళ్లతో చూసి లెక్కపెట్టుకోవాలి. తూటాలు ఒక్కొక్కటిగా ఎక్కించాలి. లోపల తిరిగే మృగం వాటితో చావదు, కాసేపు వెనక్కి తగ్గుతుంది. పేలిన చప్పుడు మాత్రం మాళిగంతా వినిపిస్తుంది. టార్చి ఉంది గానీ దాన్ని చేత్తో గరగరా లాగితేనే వెలుగుతుంది, ఆ గరగర కూడా మృగం చెవిన పడుతుంది. దీపాలన్నీ జనరేటర్ మీద నడుస్తాయి. దానికి పెట్రోలు డబ్బాలు వెతుక్కుంటూ పోవాలి, పోవడానికి వెలుతురు కావాలి, వెలుతురుకు పెట్రోలు కావాలి. తుపాకీ చేతికొచ్చాక భయం తగ్గకపోగా ఇంకొంచెం చిక్కబడుతుంది. కాల్చే అవకాశం ఉన్నవాడికే ఎప్పుడు కాల్చాలన్న బెంగ.

'ఏలియన్: ఐసొలేషన్' (2014) కూడా ఇదే కోవలోది. రివాల్వర్ ఉంది, మంటలు కక్కే తుపాకీ ఉంది. ఏలియన్ మాత్రం చావదు. మంటకు పారిపోయి, కాసేపాగి తిరిగొస్తుంది. అందులో దాన్ని నడిపించే ప్రోగ్రామ్ రెండు అంతస్తులుగా ఉంటుంది. పై అంతస్తుకు ఆడేవాడు ఎక్కడున్నాడో ఎప్పుడూ తెలుసు. అది కింది అంతస్తుకు, అంటే ఏలియన్‌కు, ఫలానా వైపు వెళ్లమని సూచన మాత్రం ఇస్తుంది. పట్టుకోవడం మళ్లీ ఏలియన్ కళ్లూ చెవుల పనే. అందుకే అది దగ్గర దగ్గరగా తచ్చాడుతుంది గానీ నేరుగా వచ్చి మీద పడదు.

అపోహ: కదలని కెమెరా, మొండి కంట్రోల్స్ ఉంటేనే

ఇక్కడ రెండు రకాల సంగతులు కలగాపులగమయ్యాయి. పాత 'రెసిడెంట్ ఈవిల్'లో గదుల దృశ్యాలు ముందే గీసి పెట్టుకున్న నిశ్చల చిత్రాలు. వాటి మీద పాత్రలు మాత్రమే కదులుతాయి. కాబట్టి కెమెరా కదలదు. గదిలో నడుస్తుంటే ఒక కోణం నుంచి ఇంకో కోణానికి మారుతుంది. కోణం మారినప్పుడల్లా కుడి ఎడమలు తారుమారై ఆడేవాడు తికమకపడకుండా, పై మీట నొక్కితే పాత్ర తన ముఖం ఉన్న వైపే నడిచేలా పెట్టారు. చాలామంది తిట్టుకునే ఆ కంట్రోల్స్ వెనక ఉన్న కారణం అది. తలుపు నెమ్మదిగా తెరుచుకునే దృశ్యం డిస్క్ నుంచి తర్వాతి గది లోడ్ అయ్యేదాకా నెట్టుకొచ్చే ఉపాయం. 1999లో కొనామీ వారి 'సైలెంట్ హిల్'లో ఊరంతా కమ్ముకున్న పొగమంచు కూడా దూరపు వీధులను గీయలేని ప్లేస్టేషన్ ఇబ్బందిని కప్పిపుచ్చడానికే. ఆ పొగమంచులో జేబులోని రేడియో గరగరలాడితే ఏదో దగ్గరికొస్తోందని అర్థం. ఏ దిక్కు నుంచో అది చెప్పదు. యంత్రం బలహీనతను ఇంత గొప్పగా వాడుకున్న గేమ్ మరొకటి చూపించడం కష్టం.

'రెసిడెంట్ ఈవిల్'లోని టైప్‌రైటర్ సంగతి వేరు. గేమ్‌ను సేవ్ చేయాలంటే టైప్‌రైటర్ దొరకాలి, దాంట్లో వేయడానికి సిరా రిబ్బన్ ఉండాలి. ఒక్కో సేవ్‌కు ఒక్కోటి ఖర్చు. మెమరీ కార్డ్‌కు అలాంటి అడ్డేమీ లేదు, కావాలనే పెట్టిన నిబంధన అది. దాంతో ఇప్పటిదాకా సాధించినది కూడా పందెంలో పెట్టాల్సిన సొమ్మయింది. 'ఏలియన్: ఐసొలేషన్'లో గోడకున్న ఎమర్జెన్సీ ఫోన్ దగ్గర నిలబడి దీపాలు వెలిగేదాకా ఆగితేనే సేవ్ అవుతుంది. ఆ కొద్ది క్షణాల్లో ఏలియన్ వెనక నుంచి రావచ్చు, వస్తుంది కూడా.

కెమెరా మారితే తరహా మారదనడానికి 2017 నాటి 'రెసిడెంట్ ఈవిల్ 7' ఉంది. అది పాత్ర కళ్లతోనే చూపిస్తుంది, అయినా ఆరో భాగం కన్నా మొదటి భాగానికే దగ్గర చుట్టం.

అపోహ: ఆకలి, దాహం, చెట్లు కొట్టడం ఉన్నవన్నీ ఈ కోవలోవే

'రస్ట్', 'డేజ్', 'డోంట్ స్టార్వ్' వేరే వంశం. వాటిలో సరుకు మళ్లీ మళ్లీ దొరుకుతుంది, ఆడేకొద్దీ గుడిసె కోటవుతుంది, మనిషి బలపడతాడు. సర్వైవల్ హారర్‌లో చోటు ఇరుకు, సరుకు లెక్కకట్టినది, దారి తయారుచేసినవాళ్లు అల్లినది. 'ది ఫారెస్ట్' లాంటివి రెండు వైపులా కాలు పెడతాయి, పెట్టనివ్వాలి.

అపోహ: ఇదంతా 1996లో మొదలైంది

పేరు స్థిరపడింది అప్పుడు. వస్తువు అంతకన్నా పాతది. 'రెసిడెంట్ ఈవిల్' మొదలైందే 'స్వీట్ హోమ్' అనే గేమ్‌ను తిరగతీద్దామన్న ఆలోచనతో. 1989లో క్యాప్‌కామే జపాన్‌లో ఫామికామ్ మీద విడుదల చేసిన ఆ గేమ్‌కు కియోషి కురొసావా తీసిన సినిమా ఆధారం. గేమ్‌కు దర్శకుడు తొకురో ఫుజివారా. తర్వాత 'రెసిడెంట్ ఈవిల్‌'కు నిర్మాత ఆయనే. 'స్వీట్ హోమ్'లో పాడుబడ్డ భవంతిలోకి అయిదుగురు వెళతారు. ఒకరి దగ్గర లైటర్, ఒకరి దగ్గర తాళంచెవి, ఇంకొకరి దగ్గర కెమెరా, ఒకరికి మందులపెట్టె, ఒకరికి వాక్యూమ్ క్లీనర్. ఎవరైనా చస్తే చచ్చినట్టే, తిరిగి రారు. వాళ్ల పనిముట్టుకు బదులు ఇంకోటి వెతుక్కోవాలి, అదీ సంచిలో చోటుంటే. ఎందరు బతికి బయటపడ్డారన్న దాన్నిబట్టి ముగింపు మారుతుంది. చూడ్డానికి అది పై నుంచి కనిపించే, వంతులవారీగా దెబ్బలాడుకునే రోల్ ప్లేయింగ్ గేమ్. జపాన్ బయట అధికారికంగా విడుదలే కాలేదు కాబట్టి చాలాకాలం దాని పేరు కూడా బయటివాళ్లకు తెలియలేదు.

ఫ్రాన్స్‌లో ఫ్రెడెరిక్ రేనాల్ 1992లో 'అలోన్ ఇన్ ది డార్క్' చేశాడు. డెర్సెటో భవంతి అటకలో గేమ్ మొదలవుతుంది. కిటికీకి అడ్డంగా బీరువా జరపకపోతే కాసేపటికి అందులోంచి ఒక జీవి లోపలికి దూకుతుంది. కొట్లాడటం కన్నా ముందే సర్దుకోవడం మేలని ఆ మొదటి గదే నేర్పుతుంది.

ఇంకా వెనక్కి వెళితే 1982లో అటారీ 2600 మీద వచ్చిన 'హాంటెడ్ హౌస్' ఉంది. తెర అంతా చీకటి, అందులో ఆడేవాడు రెండు కళ్లు. అగ్గిపుల్ల గీస్తే చుట్టూ నాలుగడుగులు కనిపిస్తాయి. ముక్కలైన కలశాన్ని వెతికి బయటికి తేవాలి. చేతిలో ఒక్క వస్తువే పడుతుంది. దయ్యాల నుంచి కాపాడే దండం పట్టుకుంటే కలశం ముక్కను వదిలేయాలి. ఎన్ని పుల్లలు గీశారన్నదే స్కోరు.

ఆ 'ఒక్క వస్తువే' అన్న నిబంధన మన ఊళ్లలో పిల్లలకు బాగా తెలుసు. డీవీలోపర్ పేరుతో 2017లో వచ్చిన 'గ్రానీ'ని తెలుగిళ్లలో ఫోన్ల మీద విపరీతంగా ఆడారు, ఇంకా ఆడుతున్నారు. తాళాలు వేసిన ఇల్లు, అయిదు రోజుల గడువు, చేతిలో ఒకే వస్తువు. తాళంచెవి కావాలంటే సుత్తి కింద పెట్టాలి. పెట్టేటప్పుడు నేలకు తగిలి చప్పుడైతే ముసలావిడ మెట్లెక్కి వస్తుంది. ఆవిణ్ని కాసేపు పడగొట్టొచ్చు, చంపడం కుదరదు. కన్సోల్ గేమ్‌లు ఆడే పెద్దలు దాన్ని పిల్లల ఆటగా, అరుపుల వీడియోలకు సరుకుగా తీసిపారేస్తుంటారు. బొమ్మలు మోటుగా ఉంటాయి, నిజమే. కానీ సుత్తి కావాలా, తాళంచెవి కావాలా అని తొమ్మిదేళ్ల పిల్ల మంచం కింద దూరి తేల్చుకుంటున్నప్పుడు జరుగుతున్నది 'రెసిడెంట్ ఈవిల్' భవంతిలో క్రిస్ ఆరు గడుల ముందు చేసిన పనే. 'రెసిడెంట్ ఈవిల్ 4' కన్నా ఈ అరలో 'గ్రానీ'కే ఎక్కువ హక్కుంది.